కర్నూలులో 12 రోజుల విమాన క్లాసు: ఆరున్నర వేలకు ఏం దక్కింది, ఏం దక్కలేదు

ఈఏపీసెట్ రాసేసి ఇంట్లో ఖాళీగా పడుకుంటున్న నన్ను చూడలేక మా నాయన ఒకరోజు సీ క్యాంప్ దగ్గర గోడకు అంటించిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. "విమానం ఎలా ఎగురుతుంది? పైలట్ ఎలా అవ్వాలి? 12 రోజుల్లో నేర్చుకోండి" అని ఉంది. ఫీజు 6,500. ఆకాశంలో మోత వినపడితే అన్నం పళ్లెం వదిలేసి మిద్దెక్కే రకాన్ని నేను, కాబట్టి రెండో ఆలోచన చేయలేదు. తొమ్మిదో తరగతి అయిపోయిన మా చెల్లెల్ని కూడా చేర్పించారు. ఇద్దరికీ కలిపి పన్నెండు వేలు చేశారు, ఆ వెయ్యి తగ్గించడానికి మా అమ్మ అరగంట బేరమాడింది.

సంస్థ పేరు రాయడం లేదు, అడగొద్దు. ఇలాంటి క్లాసులు ఇప్పుడు ప్రతి ఊళ్లో మొదలవుతున్నాయి, మీ ఊళ్లో దానికైనా ఇదే కొలత పనికొస్తుంది. ముందే చెప్పేస్తున్నా: విమానం గాల్లో ఎందుకు నిలబడుతుందో తెలుసుకోవాలని ఉంటే డబ్బు దండగ కాదు. పైలట్ కావడానికి ఇది తొలి మెట్టు అనుకుంటే మాత్రం వెళ్లకండి, అది వేరే దారి.

క్లాసు రెండో అంతస్తులో, కింద జిరాక్స్ షాపు, పక్కన ఉగ్గాని బజ్జీ బండి. 26 మందిమి, ఒక్క ఏసీ. అది కూడా మధ్యాహ్నం కరెంటు పోతే అంతే, మే నెల చివర్లో కర్నూలులో కరెంటు పోతే ఎట్లుంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకరు వాయుసేనలో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన, అరవై దాటాయి. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క, దాంతో జేబంతా తెల్లగా ఉండేది. ఇంకొకరు కుర్ర సారు, ఆయన దగ్గర స్లైడ్లు, రంగురంగుల వీడియోలు. ఫీజు వసూలైంది మాత్రం సుద్దముక్క సారు వల్లే.

మొదటి రోజు కుర్ర సారు రెక్క బొమ్మ వేసి, పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైన వెళ్లే గాలికి దూరం ఎక్కువ, కింది గాలితో పాటే వెనక అంచుకు చేరాలి కాబట్టి అది వేగంగా పోతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది, అందుకే విమానం లేస్తుంది అని చెప్పారు. మా ఫిజిక్స్ మెటీరియల్‌లో కూడా ఇట్లాగే ఉంటుంది కదా, అందరం రాసేసుకున్నాం. రెండో రోజు పెద్ద సారు మా నోట్సు చూసి నవ్వారు. "పైన గాలి, కింద గాలి మొగుడూ పెళ్లామా నాయనా, విడిపోయినోళ్లు వెనకాల కలుసుకోవాలని ఒప్పందం ఏమన్నా రాసుకున్నాయా?" అన్నారు. అట్లాంటి రూలేం లేదట. నిజానికి పైన వెళ్లిన గాలి కింది గాలి కంటే ముందే వెనక అంచు దాటిపోతుంది. పైన పీడనం తక్కువ, కింద ఎక్కువ అన్నది నిజమే, వేగం పెరిగితే పీడనం తగ్గుతుందని చెప్పిన శాస్త్రవేత్త బెర్నూలీ తప్పు చెప్పలేదు. తప్పంతా "ఒకేసారి చేరాలి" అన్న ఆ కారణంలో ఉంది. రెక్క తన చుట్టూ వచ్చే గాలిని కిందికి మళ్లిస్తుంది, గాలిని కిందికి తోస్తే గాలి రెక్కను పైకి తోస్తుంది, న్యూటన్ మూడో సూత్రం. వంపు ఒక్కటే కారణమైతే విన్యాసాలు చేసే విమానాలు తలకిందులుగా ఎట్లా ఎగురుతాయి, మీరు నోట్‌బుక్ కాగితం చింపి చేసే రాకెట్ ఎట్లా పోతుంది, దానికేం వంపుందని అడిగారు. నేను రెండేళ్లు ఇంటర్ ఫిజిక్స్ చదివి ఒక్కసారి కూడా ఈ ప్రశ్న వేసుకోలేదు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సరదా వేసింది.

ఇక నాలుగో రోజు, నా లెక్కలో ఫీజులో సగం ఆ ఒక్క సాయంత్రానికే చెల్లిపోయింది. ఒక్కొక్కరికి థర్మాకోల్ షీటు, కట్టర్, టేపు ఇచ్చి గ్లైడర్ చేయించారు. రెక్క వెడల్పు, అంటే ముందు అంచు నుంచి వెనక అంచుకు, 12 సెంటీమీటర్లు, బల్లపరుపు రెక్క, ఏ వంపూ లేదు. షీటు నాసిరకం, కట్టర్ పెడితే గింజలు రాలిపోయేది, ముగ్గురివి చేతిలోనే విరిగాయి. సరే, చేసినవాటిని తీసుకుని అయిదున్నరకు నంద్యాల రోడ్డు వైపు ఒక బీడుకు వెళ్లాం. సారు కిందికి వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నుంచి వదిలారు, అది ఎటు వాలుతుందో చూసి "అటు తిరగండి" అన్నారు. మా అవ్వ కొర్రలు తూర్పారబట్టే ముందు అచ్చం ఇట్లాగే చేసేది. ఆమె గాలివాటం చూసుకుని పొట్టు ఎగిరిపోయేటట్టు నిలబడేది, మేమేమో గాలికి ఎదురుగా నిలబడ్డాం.

ఎదురుగానే ఎందుకో అప్పుడు చెప్పారు. రెక్కకు నేలతో పనిలేదు, గాలితోనే పని. సెస్నా 172 అనే శిక్షణ విమానం నేల వదలడానికి సుమారు 55 నాట్ల వేగం కావాలి, అంటే గంటకు 102 కిలోమీటర్లు. ఎదురుగాలి 15 నాట్లు ఉంటే నేల మీద 40 నాట్లు పరిగెత్తితే చాలు, 74 కిలోమీటర్లు. మా హైవే మీద బస్సులు అంతకంటే జోరుగా పోతాయి.

నా గ్లైడర్ మొదటి విసురుకే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు నిలబడి, తోక వైపు జారి, తర్వాత ముక్కుతో కిందికి పొడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు, వెక్కిరింపుగా. సారు దాన్ని తీసుకుని రెక్క కింద రెండు వేళ్లు పెట్టి తూచారు, తోక వైపు వాలింది. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ముక్కుకు టేపు వేశారు. మళ్లీ విసిరితే ఈసారి సూటిగా మట్టిలోకి. బిళ్లను రెండు వేళ్ల వెడల్పు వెనక్కి జరిపారు. వేళ్ల మీద పెడితే రెక్క ముందు అంచు నుంచి మూడున్నర సెంటీమీటర్ల దగ్గర నిలబడింది, అంటే రెక్క వెడల్పులో పావు వంతు కంటే కాస్త ఎక్కువ. విసిరాను. అది నిజంగానే పోయింది. ఊరికే పడిపోకుండా, తొందర లేకుండా, నేలకు కొంచెం కొంచెం దగ్గరవుతూ ముప్ఫై అడుగులు పోయి తుమ్మకంపలో తగులుకుంది. గరిమనాభి, అంటే బరువంతా తూగే చోటు, అని పదిసార్లు రాసుకున్న మాట ఆ రూపాయి బిళ్లతో నాకు అర్థమైంది. మా చెల్లెలిది నాకంటే దూరం పోయింది, ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆ మొదటి విసురు గురించి కూడా ఒక మాట. దాన్నే స్టాల్ అంటారట. విమానం స్టాల్ అయిందని వార్తల్లో వింటే నేను బండి ఆగిపోయినట్టు ఇంజిన్ ఆగిపోయిందనే అనుకునేవాణ్ణి. ఇంజిన్‌కూ దీనికీ సంబంధం లేదు. ఎదురొచ్చే గాలికి రెక్క మరీ ఎక్కువ కోణంలో నిలబడితే, మామూలు రెక్కకు సుమారు 15 డిగ్రీలు దాటితే, పైనున్న గాలి రెక్కను అంటుకుని పోలేక చెదిరిపోతుంది, లిఫ్ట్, అంటే రెక్కను పైకెత్తే బలం, ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు చేయాల్సింది ముక్కు దించడం. నేల దగ్గరవుతుంటే ఎవరికైనా ముక్కు ఎత్తాలనే అనిపిస్తుంది, ఎత్తితే ఇంకా మునుగుతారు. అందుకే శిక్షణలో దాన్ని మళ్లీ మళ్లీ చేయిస్తారట, చేతులకు అలవాటయ్యేదాకా.

ఎత్తు కొలిచే క్లాసు కూడా బాగుంది. ఆల్టిమీటర్ అంటే గాలి పీడనం కొలిచే పెట్టె, అంతే. బ్యాచ్‌లో ఒకడి ఫోన్‌లో బారోమీటర్ సెన్సర్ ఉంటే దాన్ని పట్టుకుని అందరం కింద జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాం, 972.4 హెక్టోపాస్కల్స్ (పీడనం కొలత) చూపించింది. మిద్దె మీదికెళ్తే 971.2. మూడు అంతస్తులకు కొంచెం ఎక్కువ తేడా. సుమారు 30 అడుగులకు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుందని పుస్తకంలో చదివితే ఏముంది, మెట్లెక్కి ఆయాసపడుతూ చూస్తే ఆ లెక్క మరిచిపోం. వాతావరణ వార్తల్లో వెయ్యికి పైన చెప్తారు కదా, మనకు 972 ఎందుకొచ్చిందని మా చెల్లెలు అడిగింది. కర్నూలు సముద్రం కంటే 270 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, వార్తల్లో చెప్పేది సముద్ర మట్టానికి లెక్కగట్టిన అంకె. పైలట్లు కూడా కంట్రోల్ టవర్ చెప్పిన అంకెను ఆల్టిమీటర్‌లో తిప్పి పెట్టుకుంటారు. అది తప్పుగా పెట్టుకుంటే ఎత్తు కూడా తప్పే.

దాని వెంటే ఇంకో లెక్క చేయించారు, అది నాకు బాగా నచ్చింది. ఎండకు గాలి పల్చబడుతుంది, పల్చటి గాలిలో రెక్కకూ ఇంజిన్‌కూ పట్టు దొరకదు. కర్నూలు ఎత్తు సుమారు వెయ్యి అడుగులనుకుంటే, ఆ ఎత్తులో లెక్కల కోసం పెట్టుకున్న ప్రమాణ ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. ఆరోజు మనకు 42. తేడా 29, ఒక్కో డిగ్రీకి 120 అడుగులు చొప్పున వేస్తే దాదాపు 3,500, మొదటి వెయ్యి కలిపితే 4,500. అంటే విమానం నేల మీదే ఉన్నా, దాని వరకు అది 4,500 అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. రన్‌వే మీద ఎక్కువ దూరం పరిగెత్తాలి, ఎక్కడం కూడా నిదానమే. "చూశారా, ఎండాకాలంలో మీరంతా హార్స్‌లీ హిల్స్ కంటే ఎత్తులో ఉన్నారు, చల్లదనం ఒక్కటే లేదు" అన్నారు సారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

వాతావరణం క్లాసులో కుములోనింబస్ అనే ఉరుముల మబ్బుల గురించి చెప్తూ ఆయన కాసేపు ఆగారు. మా జిల్లాలో పుట్టిన ఎవరికైనా 2009 సెప్టెంబర్ 2 గుర్తొస్తుంది. వైఎస్ వెళ్తున్న హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు వైపు పోతూ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. నేనప్పుడు పసివాణ్ణి, ఇంట్లో చెప్పగా విన్నదే. సారు దాని మీద కథలేమీ అల్లలేదు. ఆ మబ్బులో పైకి లాగే గాలి, కిందికి తోసే గాలి పక్కపక్కనే ఉంటాయని బోర్డు మీద గీసి, దాన్ని దాటడానికి ధైర్యం పనికిరాదు, చుట్టు తిరిగి పోవాలి, లేదా వెనక్కి రావాలి అని మాత్రం అన్నారు. ఆరోజు ఎవరూ అల్లరి చేయలేదు.

ఇక కడుపుమంట సంగతులు.

సిమ్యులేటర్ మీద ఒక్కొక్కరికి గంట అని కాగితంలో రాశారు. ఉన్నవి రెండు కంప్యూటర్లు. నాకు మొత్తం 12 రోజుల్లో దొరికింది ఇరవై నిమిషాలు, మా చెల్లెలికి పావుగంట. వాటిలో వేసింది ఫ్లైట్‌గేర్, అది ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, మంచి సాఫ్ట్‌వేరే, దాన్ని తప్పుపట్టడం లేదు. జాయ్‌స్టిక్‌లే అరిగిపోయాయి. చెయ్యి తీసేసినా విమానం ఎడమకు వాలుతూనే ఉంటుంది. బేగంపేటలో లేచి ఒక్క చుట్టు తిరిగి దిగాలి, నేనేమో పది నిమిషాలు ఆ ఎడమ వాలుతోనే కుస్తీ పట్టాను, దిగే టైముకు "నెక్స్ట్" అన్నారు. ఇప్పుడు ఇంట్లో మా నాయన పాత లాప్‌టాప్‌లో అదే వేసుకుని కీబోర్డుతో నడుపుతున్నా, ఇక్కడే బాగా వచ్చింది.

"విమానాశ్రయ సందర్శన" అని కూడా రాశారు. లోపలికి వెళ్లడానికి అనుమతి అడిగారో లేదో కూడా తెలియదు. మినీ బస్సులో ఓర్వకల్లు తీసుకెళ్లి రోడ్డు పక్కన దించి, అదిగో రన్‌వే అని చూపించారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఈ విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, మా ఊరికి ఇంత దగ్గర, లోపల ఏముంటుందో చూద్దామని ఎంత ఆశపడి వెళ్లామో. ఎండలో గంటన్నర. అయితే పెద్ద సారు పక్కన ఉన్నారు కాబట్టి అది కూడా పూర్తిగా వృథా కాలేదు. ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానం దిగుతుంటే వేలు పెట్టి చూపించారు: రెక్కలు పైన, ఒక్కో ప్రొపెల్లర్‌కు ఆరు బ్లేడ్లు, చక్రాలు మాత్రం రెక్కల్లోంచి కాక పొట్టలోంచి వస్తాయి, తోక ఇంగ్లీషు టీ అక్షరం మాదిరి. ప్రొపెల్లర్ బ్లేడు కూడా రెక్కే, నిలువుగా తిరిగే రెక్క, మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ కూడా అంతే, అది గాలిని కిందికి తోస్తుంది కాబట్టి పైన కొక్కేనికి ఆ మేరకు బరువు తగ్గుతుందన్నారు. ఆ రాత్రి నేను ఫ్యాన్ కిందే పడుకుని చాలాసేపు దాన్నే చూశాను.

అన్నిటికంటే చిరాకు పదో రోజు. "కెరీర్ గైడెన్స్" అని టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. విదేశాల్లో ఫ్లయింగ్ స్కూలు, పద్దెనిమిది నెలల్లో కెప్టెన్, జీతం లక్షల్లో, ఈ వారమే సీటు బుక్ చేస్తే తగ్గింపు. మా అందరి నాన్నల ఫోన్ నంబర్లు రాయించుకున్నాడు. మెడికల్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు, పరీక్షల గురించి అసలే లేదు. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు అప్పుచేసి కట్టేస్తారని తెలిసే ఇట్లా మాట్లాడతారు, అదే బాధ.

ఆయన వెళ్లాక పెద్ద సారు తలుపు దగ్గరికి వేసి చెప్పినవి ఇక్కడ రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తాయి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి, అందులో 100 గంటలు విమానం బాధ్యత తానే మోసే పైలట్ ఇన్ కమాండ్‌గా. విమానయానాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలున్నాయి: నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కోదాంట్లో 70 శాతం వస్తేనే పాస్. రేడియోలో మాట్లాడటానికి ఆర్‌టీఆర్ అని ఇంకో లైసెన్సు. స్టూడెంట్ పైలట్ లైసెన్సు మాత్రం పదో తరగతి పాసై 16 ఏళ్లు నిండితే తీసుకోవచ్చు. కెప్టెన్ సీటుకు ఏటీపీఎల్ అనే పై లైసెన్సు కావాలి, దానికి 1,500 గంటలు. పద్దెనిమిది నెలల లెక్క ఎంత బోగసో మీరే చూసుకోండి. ఖర్చు సంగతికొస్తే అర కోటి అన్న మాట మామూలుగా వినిపిస్తుంది, ఫలానా విమానం నడపడానికి చేయాల్సిన టైప్ రేటింగ్ ఖర్చు మళ్లీ వేరే.

కాబట్టి ఎవరికైనా రూపాయి కట్టకముందే మెడికల్ చేయించుకోమన్నారు. ముందు క్లాస్ టూ, తర్వాత క్లాస్ వన్, డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరే. రంగులు గుర్తుపట్టే పరీక్షలో తేడా వచ్చి, డబ్బంతా కట్టాక తెలిస్తే ఆ ఇంటి పరిస్థితి ఏంటి? ప్రభుత్వ సంస్థ కావాలంటే ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, ఎంట్రన్స్ రాసి వెళ్లాలి. అసలు విమానాలంటే ఇష్టమైనవాళ్లందరూ పైలట్లే కానక్కర్లేదు కూడా. తనలాగా మరమ్మతు చేసే లైసెన్సుడు ఇంజినీర్ కావచ్చు, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ ఇంజినీరింగ్ గానీ చేసి పరీక్ష రాసి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావచ్చు. టై కట్టుకున్నాయన ఈ రెండింటి పేరు కూడా ఎత్తలేదు, వాటిలో ఆయనకు కమిషన్ రాదు కదా.

చివరి రోజు సర్టిఫికెట్లు ఇచ్చారు, బంగారు అంచు, నా పేరులో ఒక అక్షరం తప్పు. దానికి ఎక్కడా విలువ లేదని సారే చెప్పారు, గోడకు పెట్టుకోవడానికి తప్ప. పుస్తకం అంటూ ఇచ్చింది కూడా నెట్‌లోంచి తీసి స్పైరల్ వేసిన 60 పేజీలే.

చేరాలనుకుంటే ముందు అడగండి: పెద్దాయన ఎన్ని రోజులు చెప్తారు అని. మా బ్యాచ్‌లో పన్నెండులో ఏడు రోజులు ఆయనవే, తర్వాతి బ్యాచ్‌కు నాలుగేనని విన్నాను. నాలుగే అయితే 6,500 ఎక్కువ, మూడు వేలైతే సరే. సిమ్యులేటర్ గంటలు కాగితం మీద రాయించుకోండి. సాయంత్రం బ్యాచ్ తీసుకోండి, మధ్యాహ్నం బ్యాచ్‌ వాళ్లకు గ్లైడర్ రోజు ఎండలో టేపు కరిగి ఊడిపోయిందట. తొమ్మిది, పది చదివే పిల్లలకు నాకంటే బాగా పనికొస్తుంది, మా చెల్లెలు ఇప్పుడు అట్టపెట్టె కనపడితే చాలు రెక్క గీసేస్తోంది. నేను 5కు 3 ఇస్తాను. ఆ మూడూ సుద్దముక్క సారువే.

టై కట్టుకున్నాయన మాత్రం ఇంకా వదల్లేదు, రెండు రోజులకోసారి మా నాయనకు ఫోన్. మొన్న అన్నం తింటుండగా వచ్చింది. మా నాయన స్పీకర్ పెట్టి, "మావాడు ఇరవై నిమిషాలు ఎగిరినాడు సార్, అది కూడా ఎడమకే. 1,500 గంటలకు కొంచెం తక్కువైంది, అయినాక నేనే చేస్తా" అని పెట్టేశాడు.